మొడ్లారోయిట్ వెళ్తే ముందు వాగు చూడండి

జర్మనీలో మా ఇంటికి చుట్టాలొస్తే ప్రతిసారీ ఒకటే తగువు. వాళ్లను ఎక్కడికి తీసుకెళ్లాలి? మా ఆయన కొండ మీది కోటలంటాడు. పిల్లలు రంగులరాట్నాలున్న పార్కంటారు. నేను మొడ్లారోయిట్ అంటాను. యాభై మంది ఉంటారేమో, అంత చిన్న పల్లె. కోట లేదు, రాజభవనం లేదు, ఫోటోలో వెనకాల పెట్టుకోవడానికి మంచు కొండ లేదు. ఊరి మధ్యలోంచి ఒక వాగు పోతుంది. వాగంటే పెద్ద వాగేం కాదు, మన పొలాల్లో పిల్లకాలువంత. ఆ పిల్లకాలువకు ఇటొక దేశం (పశ్చిమ జర్మనీ), అటొక దేశం (తూర్పు జర్మనీ) ఉండేవి. నలభై ఏళ్లు.

నేను న్యూరెంబర్గ్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ఆ ఊరికి ఇప్పటికి ఐదుసార్లు వెళ్లొచ్చాను. మొదటిసారి చేయగలిగిన తప్పులన్నీ చేశాను. అవి మీరు చేయకుండా ఉంటారని ఇది రాస్తున్నాను.

ముందు ప్రయాణం సంగతి. ఊరు బవేరియా రాష్ట్రం ఉత్తరపు కొసన ఉంది. దగ్గరి పెద్ద స్టేషన్ హోఫ్, అక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరం. న్యూరెంబర్గ్ నుంచి హోఫ్‌కి లోకల్ ఎక్స్‌ప్రెస్‌లో రెండు గంటలు వేసుకోండి. ఇక్కడ ఉండేవాళ్ల దగ్గర డాయ్‌చ్‌లాండ్ టికెట్ అనే నెల పాసు ఉంటే (2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు) వేరే ఖర్చు లేదు. చుట్టాలతో వెళ్తే బయర్న్ టికెట్ నయం. ఒకే టికెట్ మీద ఐదుగురు దాకా రోజంతా తిరగొచ్చు. కాకపోతే పనిరోజుల్లో అది ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది. ఇంకో మాట, ఈ దారిలో రైళ్లు మధ్యలో రెండుగా విడిపోతుంటాయి. ముందు సగం ఒక ఊరికి, వెనక సగం ఇంకో ఊరికి. ఎక్కేముందు మీ బోగీ మీద హోఫ్ అని ఉందో లేదో చూసుకోండి. అందరినీ ఒకే బోగీలో ఎక్కించండి. ఒకసారి మా ఆడపడుచు బాత్రూం కోసం వెనక బోగీలోకి వెళ్తే, ఆవిడ తిరిగొచ్చేదాకా నాకు టెన్షనే.

హోఫ్ నుంచి ఆ పల్లెకు బస్సులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నా మొదటి తప్పు ఇక్కడే. టైంటేబుల్‌లో ఒక బస్సు పక్కన ‘ఎస్’ అని ఉంది. జర్మన్‌లో ఆదివారం ‘జోన్‌టాగ్’, అదీ ఎస్‌తోనే మొదలవుతుంది కదా, ఆదివారం బస్సు ఉందన్నమాట అనుకున్నాను. ఆ ఎస్ బడికి సంబంధించింది. బడులున్న రోజుల్లో మాత్రమే నడిచే బస్సు అని కింద చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. ఆ రోజు టోపెన్ అనే ఊరి దాకా వెళ్లి, అక్కడి నుంచి మూడు నాలుగు కిలోమీటర్లు నడిచాం. నేను, మా అత్తగారు, మధ్యలో వాన. ఆవిడ పట్టుచీర కట్టుకొచ్చారు, ఫోటోల కోసమని. పాపం ఒక్క మాట అనలేదు. ఆ మౌనానికి నేను ఈనాటికీ బాకీ. కాబట్టి కారు దొరికితే కారులో వెళ్లండి. మ్యూనిక్, బెర్లిన్ మధ్య ఏ9 హైవే, దాన్నుంచి చీలే ఏ72 రెండూ దగ్గర్లోనే పోతాయి. కారు లేకపోతే హోఫ్ నుంచి టాక్సీ మాట్లాడుకోండి, తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే చెప్పేయండి. ఊళ్లో నిలబడితే టాక్సీ దొరకదు.

ఏ9 మీద ఉత్తరం నుంచి వచ్చేవాళ్లు రుడాల్ఫ్‌స్టైన్ దగ్గర ఆగండి. హైవేకి అడ్డంగా, రోడ్డు పైన కట్టిన హోటలుంది, 1967 నాటిది. కిటికీ పక్కన కూర్చుంటే కాళ్ల కింద నుంచి లారీలు పోతుంటాయి. పిల్లలు అక్కణ్ణుంచి లేవరు.

చలి సంగతి మరిచిపోవద్దు. హోఫ్ చుట్టుపక్కల ప్రాంతాన్ని జర్మన్లే ‘బవేరియా సైబీరియా’ అంటారు. మే నెలలో కూడా స్వెట్టర్ ఉండాలి. బురద కాబట్టి చెప్పులొద్దు, బూట్లు వేసుకోండి.

తిండి హోఫ్‌లోనే కానివ్వండి. ఊరి నడిబొడ్డున ఇత్తడి బిందె పక్కన పెట్టుకుని ఒకాయన నిలబడి ఉంటాడు. అక్కడి యాసలో వాళ్లను ‘వెర్ష్ట్‌లామో’ అంటారు, అంటే సాసేజీలమ్మే మనిషి. ఆ బిందె అడుగున బొగ్గులుంటాయి, పైన వేడినీళ్లలో సాసేజీలు. మూత తీస్తే ఆవిరి గుప్పుమంటుంది. మా నాన్న దాన్ని చూసి “మన స్నానాల బాయిలరు లాగే ఉందే” అన్నారు. నిజమే, ఇత్తడి బాయిలరు తమ్ముడే అది. శాకాహారులు మాత్రం పులిహోర డబ్బా తెచ్చుకోవడం మంచిది. నేను ప్రతిసారీ తెస్తాను.

హోఫ్ స్టేషన్‌లో రెండు నిమిషాలు ఆగి ప్లాట్‌ఫారం చూడండి. 1989 అక్టోబర్ 1న తెల్లవారాక, ప్రాగ్‌లోని పశ్చిమ జర్మనీ ఎంబసీలో తలదాచుకున్న తూర్పు జర్మన్లను ఎక్కించుకుని మొదటి రైళ్లు వచ్చి ఆగింది ఇక్కడే. బెర్లిన్ గోడ పడటానికి ఇంకా ఐదు వారాలుంది.

ఇక ఊళ్లోకి వెళ్దాం. పేరు పలకడానికి భయపడొద్దు. చివరి ‘రోయిట్’ అంటే అడవి కొట్టి సాగులోకి తెచ్చిన చోటు. దగ్గర్లోని బైరోయిట్ ఊరి పేరులో ఉన్నదీ ఇదే ముక్క. మా భద్రాచలం ఏజెన్సీలో అయితే పోడు అంటాం.

కారు ఎక్కడ పెట్టినా సరిహద్దు మ్యూజియమే ముందు కనిపిస్తుంది. జనం సరాసరి అందులోకి దూరతారు, సినిమా చూస్తారు, పాత సరిహద్దు గోడ దగ్గర ఫోటో దిగుతారు, వెళ్లిపోతారు. మీరు అలా చేయొద్దు. ముందు వాగు దగ్గరికి నడవండి. దాని పేరు టాన్‌బాఖ్. అక్కడ నిలబడి, దీన్ని దాటడానికి ఎన్ని అడుగులు కావాలో చూడండి. చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టుకుంటే ఒక్క అంగలో అవతల ఉంటాం. ఇది ఒంట్లోకి ఎక్కితే తప్ప, మ్యూజియంలో చదివేది తలకెక్కదు.

వాగు తర్వాత రాళ్లు. ఇక్కడ మా బాబాయ్ గురించి చెప్పాలి. ఆయన సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. నేను తీసుకెళ్లినవాళ్లలో ఈ ఊరిని ఆయన చూసినట్టు ఎవరూ చూడలేదు. గోడ వైపు కన్నెత్తయినా చూడకుండా, గడ్డిలో ఉన్న ఒక హద్దు రాయి దగ్గర గొంతుక్కూర్చున్నారు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, అరచేత్తో పాకుడు తుడిచి, అక్షరాల గాళ్లలో వేలు పెట్టి చూశారు. ఒక పక్క ‘కేబీ’, ఇంకో పక్క ‘ఎఫ్ఆర్’.

“ఏమిటమ్మాయ్ ఇవి?”

“కేబీ అంటే బవేరియా రాజ్యం బాబాయ్. ఎఫ్ఆర్ అంటే రోయిస్ సంస్థానం. 1810లో పాతారు.”

“అప్పుడే ఎందుకు?”

మంచి ప్రశ్న. ఇటువైపు ఉన్న బైరోయిట్ సీమ అంతకుముందు ప్రష్యా చేతిలో, తర్వాత నెపోలియన్ చేతిలో ఉండి, 1810లో బవేరియా రాజుకు దక్కింది. ఆస్తి చేతులు మారింది, హద్దులు తేల్చుకున్నారు. అటువైపు, ఇప్పటి తురింగియా రాష్ట్రం వైపు, రోయిస్ వంశం వాళ్లది. ఆ వంశంలో మగపిల్లవాడు పుడితే పేరు హైన్‌రిఖ్. అందరికీ అదే పేరు, పక్కన నంబరు మారుతుంది, అంతే. ఇది విని బాబాయ్ నవ్వు ఆపుకోలేకపోయారు. “పట్టాదారు కాలమ్‌లో ఏం రాసేవాడో పాపం ఆ కరణం!” అన్నారు.

వందేళ్లకు పైగా ఈ రాళ్లు ఎవరికీ అడ్డం రాలేదు. బడి, కల్లుపాక లాంటి ఊరి సత్రం తురింగియా వైపు ఉండేవి, చర్చికి మాత్రం అందరూ బవేరియాలోని టోపెన్ వెళ్లేవాళ్లు. పెళ్లిళ్లు, పొలాలు అటూ ఇటూ కలగలిసి ఉండేవి. 1945లో యుద్ధం అయిపోయాక తురింగియా సోవియట్ల వాటాకి, బవేరియా అమెరికా వాళ్ల వాటాకి పోయాయి. పాత రాష్ట్రాల హద్దు కాస్తా రెండు సైన్యాల హద్దయింది. 1949లో రెండు దేశాలు ఏర్పడ్డాక అదే దేశాల సరిహద్దయింది. ఎవరూ కొత్తగా గీత గీయలేదు. 1810 నాటి రాళ్లే.

అసలు దెబ్బ 1952లో తగిలింది. ఆ ఏడు మే 26న తూర్పు జర్మనీ ప్రభుత్వం సరిహద్దు పొడవునా మూడు పట్టీలు ప్రకటించింది. ఐదు కిలోమీటర్ల వెడల్పున నిషేధిత ప్రాంతం, దాని లోపల 500 మీటర్ల రక్షణ పట్టీ, హద్దును ఆనుకుని పది మీటర్లు దున్ని చదును చేసిన నేల. ఆ దున్నిన నేల మీద ఎవరు నడిచినా అడుగు పడుతుంది, తెలిసిపోతుంది. మొడ్లారోయిట్ తూర్పు సగం మొత్తం ఆ 500 మీటర్లలోనే ఉంది. ఆ తర్వాత కొద్ది రోజులకే, నమ్మకం లేనివాళ్లంటూ సరిహద్దు ఊళ్ల నుంచి మనుషుల్ని లారీల్లో ఎక్కించి దూరం పంపేశారు. ఆ సరిహద్దు మొత్తం మీద ఎనిమిది వేలమందికి పైగా. ఆ పనికి అధికారులు తమలో తాము పెట్టుకున్న పేరు ‘చీడపురుగుల ఆపరేషన్’. మ్యూజియంలో ఆ మాట దగ్గర ఆగండి. పిల్లలు అడిగితే దాచకుండా అర్థం చెప్పండి.

ఊరి మధ్యలో ముందు చెక్క కంచె వేశారు. 1966లో కాంక్రీటు గోడ కట్టారు, 700 మీటర్ల పొడవు, మూడు మీటర్లకు పైగా ఎత్తు. అందుకే అమెరికన్ సైనికులు ఈ ఊరిని ‘చిన్న బెర్లిన్’ అన్నారు. ఇప్పుడు సుమారు వంద మీటర్ల గోడ మిగిలింది.

ఇప్పుడు గోడ దగ్గరికి రండి, వాగు నుంచి గోడ దాకా ఉన్న జాగా గమనించండి. బాబాయ్ చూపించేదాకా నేనూ పట్టించుకోలేదు.

“హద్దు ఎక్కడమ్మాయ్?”

“వాగు మధ్యలో.”

“మరి గోడ వాగులో లేదే. వెనక్కి జరిపి వాళ్ల జాగాలో కట్టుకున్నారు.”

నిజం. గోడకు ఇవతల, వాగు దాకా ఉన్న ఆ గడ్డి నేల కూడా తూర్పు జర్మనీదే. పశ్చిమం వైపు నుంచి ఎవరైనా బంతి కోసమో కుక్క కోసమో వాగు దాటి ఆ గడ్డి మీద కాలు పెడితే, గోడ ముట్టుకోకపోయినా సరే, పరాయి దేశంలో ఉన్నట్టే. ‘ఆగు, ఇక్కడ సరిహద్దు’ అన్న బోర్డులు గోడ మీద కాకుండా వాగు ఒడ్డున ఎందుకున్నాయో అప్పుడు నాకు అర్థమైంది. అక్కడున్న గుర్తు స్తంభాలు కూడా చూడండి. నీలం తెలుపు పట్టెలది బవేరియాది. నలుపు, ఎరుపు, పసుపు పట్టెలతో, సుత్తి వృత్తలేఖిని గుర్తుతో ఉన్నది తూర్పు జర్మనీది. పిల్లలకు ఇదొక ఆట, ఏది ఎవరిదో కనిపెట్టమనండి.

పశ్చిమం వాళ్లు వాగు దాకా వచ్చి గోడ వైపు చూడొచ్చు. బస్సుల్లో వచ్చి చూసేవాళ్లు కూడా. తూర్పు వాళ్లకు మాత్రం ఇటువైపు చెయ్యి ఊపడం, పలకరించడం నిషేధం. రోజూ కనిపించే పక్కింటి మనిషికి. మా అమ్మకి ఇది చెప్పినప్పుడు ఆవిడ బవేరియా ఒడ్డున ఉంది, నేను తురింగియా ఒడ్డున. ఏమీ మాట్లాడకుండా చెయ్యి ఎత్తి ఊపింది. మధ్యలో ఐదడుగులు కూడా లేవు. నేనూ ఊపాను. నా చేతిలో పులిహోర డబ్బా ఉంది, డబ్బాతోనే ఊపాను.

ఇక్కడి గోడను 1973లో ఒకాయన దాటాడు. బండిని గోడ పక్కకు తెచ్చి, దాని మీద నిచ్చెన నిలబెట్టి అవతలికి దూకాడు. 1983 ఫిబ్రవరి 5న అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు సీనియర్ బుష్ ఇక్కడికొచ్చి, కెనడీ బెర్లిన్‌లో అన్న ‘నేను బెర్లిన్ వాణ్ణి’ మాటను ఈ ఊరికి అన్వయించి “నేను మొడ్లారోయిట్ వాణ్ణి” అని జర్మన్‌లో అన్నాడు. బెర్లిన్ గోడ 1989 నవంబర్ 9న తెరుచుకుంది కదా, ఇక్కడ ఇంకో నెల పట్టింది. డిసెంబర్ 9న నడిచి దాటడానికి దారి తీశారు. 1990 జూన్ 17న ఎక్స్‌కవేటర్ తెచ్చి గోడ పడగొట్టారు.

ఇప్పుడు మ్యూజియంలోకి వెళ్లండి. ఆ సంవత్సరమే మొదలైన సంస్థ అది. తెరిచే వేళలు కాలాన్ని బట్టి మారతాయి, బయల్దేరేముందు చూసుకోండి. ఓపిక తక్కువైతే డాక్యుమెంటరీ చూసి, సరిహద్దు దళాల బండ్లున్న షెడ్డులో ఒక చుట్టు తిరిగితే చాలు. ఎక్కువ సమయం బయటి భాగానికే ఉంచండి. కాపలా బురుజు, ఇనుప జల్లెడ కంచె, బండ్లు తిరగడానికి పరిచిన చిల్లుల కాంక్రీటు పలకల దారి, అన్నీ అక్కడ చూడొచ్చు. ఆ పలకల చిల్లుల్లో పిల్లల కాళ్లు ఇరుక్కుంటాయి, చెయ్యి పట్టుకుని నడిపించండి. ఇదే సరిహద్దు దేశం పొడవునా 1,400 కిలోమీటర్ల దాకా ఉండేది. మనిషి అడుగు పెట్టకపోవడంతో పక్షులూ పూలమొక్కలూ బతికిన ఆ పట్టీని ఇప్పుడు ‘గ్రూనెస్ బాండ్’, అంటే పచ్చ పట్టీ, అని కాపాడుతున్నారు.

ఊరు ఒక్కటైందా అంటే, కాలేదు. ఇప్పటికీ సగం బవేరియాలోని టోపెన్ పంచాయతీ, సగం తురింగియాలోని గెఫెల్ మున్సిపాలిటీ. ఇద్దరు మేయర్లు, రెండు పిన్‌కోడ్లు, రెండు ఎస్‌టీడీ కోడ్లు. కార్ల నంబరు ప్లేట్లు చూడండి, ‘హెచ్ఓ’ ఉంటే బవేరియా, ‘ఎస్ఓకే’ ఉంటే తురింగియా. ఒక ఒడ్డున ‘గ్రూస్ గాట్’ అని పలకరిస్తారు, ఇంకో ఒడ్డున ‘గూటెన్ టాగ్’. సెలవులూ వేరే. అక్టోబర్ 31 తురింగియాలో సెలవు, బవేరియాలో పనిరోజు. మర్నాడు నవంబర్ 1 బవేరియాలో సెలవు, తురింగియాలో పనిరోజు. ఆ రెండు రోజుల్లో వెళ్తే షాపు ఏ వైపు తెరిచుందో చూసుకుని పాలప్యాకెట్ కొనుక్కోండి. అక్టోబర్ 3, జర్మనీ ఏకీకరణ దినం నాడు మాత్రం జనం ఎక్కువ. నెమ్మదిగా చూడాలనుకుంటే ఆ రోజు వద్దు.

అక్కడ మనుషులు కాపురాలుంటున్నారు, కిటికీల్లోకి కెమెరా పెట్టొద్దు. ఆవరణల్లోకి వెళ్లొద్దు. ఎవరైనా ఎదురైతే ఏ ఒడ్డున ఉన్నారో చూసుకుని పలకరించండి, నవ్వుతారు.

ఒకే ఊళ్లో ఈ రెండు నంబరు ప్లేట్ల సంగతి బాబాయ్‌కి కొత్త కాదు. మా పిన్ని పుట్టిల్లు ఏటపాక. భద్రాచలం ఊరు దాటితే వచ్చేస్తుంది. 1959 దాకా మేమంతా తూర్పుగోదావరి జిల్లా, తర్వాత ఖమ్మం జిల్లా. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు పేరుతో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రలోకి వెళ్లాయి, రాముడి గుడి ఉన్న ఊరు తెలంగాణలో ఉండిపోయింది. పిన్ని పొద్దున్నే తెలంగాణలో బయల్దేరి ఆంధ్రలో తమ్ముడింట్లో టిఫిన్ తిని మధ్యాహ్నానికి తిరిగొచ్చేస్తుంది. అడిగేవాడు లేడు. ఆ మాట నేనంటే బాబాయ్, “మనకి బోర్డు పాతారమ్మా, వీళ్లకి తుపాకీ పెట్టారు. రెంటికీ పోలికేంటి” అని కొట్టిపారేశారు. ఆయన మాటే నిజం.

తిరుగు రైల్లో నా డైరీ అడిగి తీసుకుని, ఊరి పటం గీశారు. పొలం ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) గీసినట్టే. వాగుకు జంట గీతలు, మధ్యలో చుక్కల గీత, హద్దు రాళ్లకు ముక్కోణాలు, చెరువు, ఇళ్లు, రోడ్డు. గోడ లేదు.

“గోడ మర్చిపోయారు బాబాయ్.”

“మర్చిపోలేదు. అది హద్దు మీద లేదు కదా. పటంలోకి ఎక్కదు. ఆక్రమణ కింద రిమార్కుల్లో రాస్తాం.”

కింద నిజంగానే రాశారు, తెలుగులో, ‘కాంక్రీటు గోడ, తొలగించినారు’ అని. ఆ కాగితం ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది. ఊరికి వెళ్లే చుట్టాలందరికీ జిరాక్సు తీసి ఇస్తున్నాను. దారి కరెక్టుగానే ఉంటుంది, ఉత్తరం గుర్తు మాత్రం కాస్త పక్కకు తిరిగింది. అది గీసేటప్పుడు రైలు మలుపు తిరిగింది.